శునకద్వారము

ఇంట పెంచబడు కుక్క, యజమాని వచ్చి తలుపు తీయువరకు వేచియుండనక్కరలేకుండ, తనంతట తాను లోనికి వచ్చుటకును వెలుపలికి పోవుటకును వీలుగా తలుపునందు గాని, గోడయందు గాని, కిటికీయందు గాని అమర్చబడు చిన్నద్వారమునకు శునకద్వారమని పేరు. ఒక చట్రము, ఆ చట్రపు పైకమ్మినుండి వ్రేలాడుచు రెండువైపులకును ఊగగల ఫ్లాపు, రాత్రులయందును ఇంట ఎవరును లేనప్పుడును దానిని మూసివేయుటకు ఉపకరించు గట్టి పలక, ఈ మూడును దాని ముఖ్యాంగములు. చూచుటకిది మిక్కిలి స్వల్పమైన వస్తువు. కాని ఇంటి బయటిగోడకు రంధ్రము చేయుట వానకును, వేడిగాలికిని, దొంగకును, పామునకును, పొరుగింటి పిల్లికిని దారి యిచ్చుటయే కావున, దాని యెన్నికయందు కుక్క సౌకర్యమును ఇంటి క్షేమమును కలిపి యాలోచింపవలసి యున్నది. ఈ రెంటికంటెను ముందుగా యోచింపవలసిన ప్రశ్న మరియొకటి కలదు: ఆ ద్వారము దాటిన కుక్క ఎచ్చటికి పోవును? అంగడిలో దొరకు వానిలో మేలైనదానిని కొని, నిపుణుడైన వడ్రంగిచేత అమర్పించినను, అది తెరచుకొను స్థలము కంచెలేని వీధియైనచో ఆ పని కుక్కకు అపకారమే యగును.

జంతువుకొరకు తలుపునకు కంత చేయు ఆచారము కుక్కతో గాక పిల్లితో మొదలైనది. ధాన్యపుకొట్లలోని ఎలుకలను పట్టుటకై పిల్లి రాత్రింబవళ్ళు తిరుగవలసియుండుటచే, ఫ్రాన్సు, స్పెయిను దేశముల పల్లెలయందు కొట్ల తలుపుల క్రిందిభాగమున చిన్నకంతలు విడుచుచుండిరి. 14వ శతాబ్దిలో ఆంగ్లకవి ఛాసర్ రచించిన కాంటర్‌బరీ కథలలో, మిల్లరు చెప్పిన కథయందు, లోపల గడియ వేసియున్న గదిలో ఏమి జరుగుచున్నదో తెలిసికొనుటకు సేవకుడొకడు తలుపు అడుగున పిల్లి దూరు కంతగుండ తొంగిచూచు ఘట్టము కలదు. అట్టి కంత ఆనాటి శ్రోతలకు వివరింపనక్కరలేనంత పరిచితమైన వస్తువని దీనివలన తెలియుచున్నది. నేటికిని కనులార చూడదగిన ప్రాచీనోదాహరణము ఇంగ్లండునందలి ఎక్సిటర్ ప్రధానదేవాలయమున కలదు. అచ్చటి ఉత్తరభాగమున ఖగోళగడియారము క్రింద నున్న తలుపునకు గుండ్రని రంధ్రమొకటి యున్నది. 1598లో బిషప్ విలియం కాటన్ పిల్లికొరకు ఆ రంధ్రము చేసినందుకు వడ్రంగులకు 8 పెన్నీలు చెల్లించినట్లు దేవాలయపు లెక్కలలో వ్రాయబడియున్నది. గడియారపు యంత్రమునకు పూయు జంతువుల క్రొవ్వుకొరకు ఎలుకలు చేరుచుండుటయే ఆ యేర్పాటునకు కారణమని చెప్పుదురు. పిల్లికంతను కనిపెట్టినవాడు సర్ ఐజాక్ న్యూటననెడు కథ లోకమున విశేషముగా ప్రచారము పొందినది గాని, న్యూటను పుట్టుటకు దాదాపు అర్ధశతాబ్దము ముందే ఎక్సిటర్ తలుపు కోయబడినదగుటచే ఆ కథ నిలువదు.

కుక్కకు అట్టిద్వారము ఆలస్యముగా లభించుటకు హేతువు సుగమమే. పిల్లి దూరు కంతలో మనుష్యుని చేయి మాత్రమే పట్టును. పెద్దకుక్క దూరు కంతలో మనుష్యుడే పట్టును. అదియునుగాక, పూర్వము కుక్క చాలవరకు ఇంటి వెలుపల కాపలా కాయు జంతువు. అది ఇంటిలోపల, కుటుంబముతోపాటు నిద్రించు ప్రాణియైన పిదపనే దానికి రాకపోకల సమస్య కలిగినది. అమెరికా సంయుక్తరాష్ట్రములలో రెండవ ప్రపంచయుద్ధానంతరము నగరముల శివార్లలో వెనుకపెరడుగల విడియిండ్లు విస్తారముగా వెలసినవి; ఆ పెరళ్ళకు కంచెలు వచ్చినవి; భార్యాభర్తలిరువురును ఉద్యోగములకు పోవు సంసారములు పెరిగినవి. శునకద్వారము పరిశ్రమగా వర్ధిల్లినది ఈ పరిస్థితులయందే. టెక్సాసు, కాలిఫోర్నియా, న్యూజెర్సీ మొదలగు రాష్ట్రములలో ఇండ్లు కొని స్థిరపడిన తెలుగు కుటుంబములలో పలువురు ఈ వస్తువును మొదట చూచునది అచ్చటనే.

దీనివలని ప్రయోజనము మూత్రవిసర్జనయొక్క సౌలభ్యమే యని తలచువారు కలరు. అది చాల గొప్ప ప్రయోజనమే. ఎంతసేపు బిగపట్టవలయునో తెలియక తలుపువద్ద మూలుగుచు నిలుచు కుక్క పడు బాధ అల్పమైనది కాదు. ఎన్ని నెలల వయస్సు గల పిల్లయో ఇంచుమించుగా అన్ని గంటలు మాత్రమే పగటిపూట ఆపుకొనగలదని స్థూలముగా ఒక లెక్క కలదు. ముసలికుక్కలకును, మూత్రపిండములు దెబ్బతిన్నవానికిని, మధుమేహము గలవానికిని మాటిమాటికి బయటికి పోవలసివచ్చును. కాని శరీరధర్మమున కతీతమైన లాభము కూడ కలదని నా యభిప్రాయము. ఎండలో కొంతసేపు పండుకొనవలెనని, వేడి సోకగానే లోనికి వచ్చి చల్లనినేలపై పొర్లవలెనని, గేటువద్ద అలికిడి యేమిటో పోయి చూచి రావలెనని కుక్కకు సహజముగా కలుగు కోరికలను ఒకరి యనుమతిలేకుండ తీర్చుకొనగలుగుట దాని జీవితమునకు ఒక గౌరవము. అయినను, ద్వారమున్నది కదా యని దినమంతయు కుక్కను ఒంటరిగా విడిచిపెట్టుటకు దీనిని సాకుగా చేసికొనరాదు. నడకకు తీసికొనిపోవుట, మాటలాడుట, ఆడించుట అనువానికి ఏ ఫ్లాపును ప్రత్యామ్నాయము కాజాలదు.

ఇక పెరడు. కంచె లేక ప్రహరి కుక్క దూకలేనంత ఎత్తుగాను, త్రవ్వి క్రిందుగా దూరుటకు వీలులేకుండగాను ఉండవలెను. గేటు తనంతట మూసికొనునదై యుండుట మేలు. పెరటిలో ఎల్లవేళల నీడయు, నీరును ఉండవలెను. గన్నేరు మొదలగు విషవృక్షములు, ఎలుకల మందు, మూతలేని సంపు, నూతిగట్టు, వీనిని పరిశీలించి తగిన జాగ్రత్త పడినగాని ద్వారపు ఆలోచనకే పూనుకొనరాదు. ఆపరేషను చేయింపని ఆడుకుక్క సాధారణముగా ఆరేడు నెలలకొకసారి యెదకు వచ్చును. ఆ యెద నిలుచు దాదాపు మూడువారములపాటు వీధిలోని మగకుక్కలన్నియు ప్రహరి చుట్టు చేరును, వానిలో చురుకైనది గోడ దూకి ఆ ద్వారముగుండనే ఇంటిలోనికి రాగలదు. కావున ఆ దినములలో దానిని గట్టిగా మూసియుంచవలెను. దీపావళి రాత్రులయందును, అమెరికాలో జూలై 4వ తేది బాణసంచా వేళయందును అటులే మూయుట యుక్తము. ప్రేలుడునకు బెదరిన కుక్క ఎన్నడును దాటని కంచెను సయితము ఆ క్షణమున దాటిపోవును.

ద్వారపు పరిమాణమును నిర్ణయించుట ఈ విషయమంతటిలోను అతిముఖ్యమైన ఘట్టము. పెట్టెలపై 'చిన్న', 'మధ్యమ', 'పెద్ద' యని ముద్రించు బరువు లెక్కలను నమ్మి కొనువారు తరచుగా మోసపోవుదురు; ఏలయన బరువొక్కటే యైనను డాష్‌హుండు జాతికుక్క పొడవుగా, నేలకంటుకొనినట్లుండును, విప్పెట్ జాతిది సన్నగా, పొడుగుకాళ్ళతో నుండును. కొలువవలసినవి మూడు. మొదటిది వెడల్పు: కుక్క శరీరమున రొమ్ముకడ గాని తుంటికడ గాని ఏది మిక్కిలి విశాలముగా నుండునో దానిని కొలిచి, దానికి 5 సెంటీమీటర్లు కలుపవలెను. దీనిని తేలికగా తెలిసికొనుటకు ఉపాయము కలదు. గదితలుపును కొద్దిగా మాత్రమే తెరచి కుక్కను ఆవలినుండి పిలిచి, అది రెండువైపుల రాచుకొనకుండ సుఖముగా దాటగల సందును టేపుతో కొలువవచ్చును. రెండవది పైయంచు: నిలుచున్న కుక్క మూపునకు 3 మొదలు 5 సెంటీమీటర్లు ఎగువగా నుండవలెను. తలయెత్తును లెక్కింపనక్కరలేదు, కుక్క దాటునపుడు తలవంచుట స్వభావము, వీపును వంచుటయే దానికి కష్టము. మూడవది క్రిందియంచు: కాలెత్తి సులభముగా దాటవలెను గనుక అది కుక్క రొమ్ము అడుగుభాగమునకు మించిన ఎత్తున ఎన్నటికిని ఉండరాదు, ఎంత దిగువగా నున్న నంత మంచిది.

ఒక ఉదాహరణముచే ఇది స్పష్టమగును. లాబ్రడార్ జాతి మగకుక్క మూపు ఎత్తు ప్రమాణము 56, 57 సెంటీమీటర్లు. దానికి పైయంచు నేలనుండి 61 సెంటీమీటర్ల యెత్తున నుంచి, క్రిందియంచు 15 సెంటీమీటర్ల యెత్తున నుంచినచో, రంధ్రము 46 సెంటీమీటర్ల నిడివి గలదగును. రొమ్ము 23 సెంటీమీటర్ల వెడల్పుగలదైనచో రంధ్రపు వెడల్పు 28 చాలును. కొనుటకు ముందు ఇదే కొలతతో పెద్ద అట్టపెట్టెకు కంత కోసి, దానిగుండ కుక్కను రెండు మూడుసార్లు నడిపించి చూచిన సందేహము తీరును. అట్ట కోయుట సులభము, తలుపు కోసిన పిదప అతుకుట దుష్కరము. ఎదుగుచున్న పిల్లకు పెద్దయైన పిమ్మట రాబోవు కొలతనే గ్రహింపవలెను. ఇంట రెండు కుక్కలున్నచో పైయంచు పెద్దదానినిబట్టియు, క్రిందియంచు చిన్నదానినిబట్టియు నిర్ణయింపవలెను.

ఈ కొలతలన్నియు ఏ నేలనుండి తీయవలెననునది చాలమంది మరచు విషయము. ఇంటిలోపలి నేల వెలుపలి భూమికంటె ఎత్తుగా నుండుట సర్వసాధారణము. మన ఇండ్లలో పునాదిమట్టము భూమికి అడుగున్నర, రెండడుగుల ఎత్తునకు తగ్గదు. లోపల 15 సెంటీమీటర్ల యెత్తున నున్న అంచు వెలుపలినుండి చూచిన 60, 75 సెంటీమీటర్ల యెత్తున నుండును. అందుచే వెలుపల లోపలినేలతో సమమైన తిన్నె నొకదానిని, కుక్క నాలుగుకాళ్ళతో నిలిచి తిరుగుటకు చాలునంతదానిని కట్టి, దానినుండి మెట్లను గాని ఏటవాలు దారిని గాని దింపవలెను. కీళ్ళనొప్పులు గల ముసలికుక్కకు మెట్లకంటె, జారని గరుకు ఉపరితలము గల వాలుదారియే శ్రేయస్కరము. యౌవనమున గంతువేసి దాటిన అంచును పదేండ్ల వయస్సున అది దాటలేకపోవచ్చును. ఆ దినమునుగూడ మనస్సున నుంచుకొని క్రిందియంచు నిర్ణయించుట దయగల యజమాని లక్షణము.

ఫ్లాపులలో మెత్తనివియు, గట్టివియు నని రెండువిధములు కలవు. మెత్తనివి వినైలుతోగాని రబ్బరుతోగాని చేయబడును. తోక చిక్కుకొనినను నొప్పి కలుగదు, తోసినచో శబ్దముండదు. అయితే తీవ్రమైన చలిలో వినైలు బిరుసెక్కును, ఎండకు కొన్నియేండ్లకు ముడుచుకొని అంచులు వంకరపోవును. అప్పుడు ఫ్లాపునొక్కదానిని మార్చవలసివచ్చును కావున, విడిఫ్లాపులు దొరకు సంస్థదే కొనవలెను. గట్టివి పారదర్శకమైన పాలికార్బొనేటుతో చేయబడును. అవి చిరకాలము మన్నును గాని బరువైనవి, చిన్నకుక్క తోయలేక వెనుదీయును. రెండింటికిని అడుగంచున అయస్కాంతపుపట్టీ యుండి, ఊగి వచ్చిన ఫ్లాపును చట్రమునకు పట్టి నిలుపును. అంచుల చుట్టును బ్రష్షువంటి నూలుపట్టీ యుండి గాలిని అడ్డును. శీతలప్రదేశములలో రెండు ఫ్లాపులు గల నమూనా వలన, మధ్యనున్న గాలి చలికి కవచముగా నుపకరించును. బహుదృఢముగా బిగింపబడిన నూతనగృహములయందు వంటింటి పొగగొట్టపు పంఖా త్రిప్పినపుడు లోపలి వాయుపీడనము తగ్గి తేలికపాటి ఫ్లాపు లోనికి ఊగుచుండును. అట్టిచోట అయస్కాంతబలము అధికముగా గలదానిని తీసికొనవలెను.

విద్యుత్పరికరములతో పనిచేయు ద్వారములు తరువాతితరమువి. కుక్కమెడపట్టీకి తగిలించిన అయస్కాంతముచేగాని, సంకేతము పంపు చిన్నపరికరముచేగాని గడియ విడుచునవి మొదట వచ్చినవి. పిమ్మట చర్మముక్రింద ఎక్కించు మైక్రోచిప్పును చదువు ద్వారములు వచ్చినవి. ఆ చిప్పు బియ్యపుగింజంత గాజుగొట్టము. సూదితో మూపులమధ్య ఎక్కింతురు. దానికి బ్యాటరీ యుండదు, చదువు యంత్రము వెలువరించు తరంగమునుండియే శక్తిని గ్రహించి తన సంఖ్యను తెలుపును. ఐఎస్‌ఓ 11784, 11785 ప్రమాణముల ననుసరించినవి 134.2 కిలోహెర్ట్‌జు వద్ద పనిచేసి 15 అంకెల సంఖ్య నిచ్చును. అమెరికాలో పూర్వము 125 కిలోహెర్ట్‌జు చిప్పులు కూడ వాడబడినవి గనుక, ద్వారము కొనునపుడు అది తమకుక్క చిప్పును చదువునో లేదో చూచుకొనవలెను. ఇంగ్లండులో 2016 ఏప్రిల్ 6 నుండి కుక్కలకును, 2024 జూన్ 10 నుండి పిల్లులకును చిప్పు తప్పనిసరియైనది. ఈ ద్వారములు పొరుగుజంతువును ఆపుటలో సమర్థములే గాని, చదువు దూరము స్వల్పమగుటచే పిల్లులకును చిన్నకుక్కలకును ఎక్కువగా తయారగుచున్నవి. పెద్దకుక్కలకు మోటారుతో పైకిలేచు పలకలు కలవు. వీని విషయమున నాకు కలుగు ఆందోళన యొక్కటే: బ్యాటరీ అయిపోయినను, కరెంటు పోయినను ద్వారము తెరచుకొనక కుక్క బయట చిక్కుకొనును. రెంటచింతలలోనో రామగుండములోనో వైశాఖమాసపు మధ్యాహ్నమున అది ప్రాణాపాయము. కుక్క చెమటచే గాక ముఖ్యముగా ఒగర్పుచే శరీరతాపమును తగ్గించుకొను జంతువు, దానికి వడదెబ్బ శీఘ్రముగా తగులును. కావున మన వాతావరణమున, ఇంట ఎవరును లేనివేళ కుక్కను నమ్మి విడుచుటకు సామాన్యమైన వ్రేలాడు ఫ్లాపే మేలని నేను తలచుచున్నాను.

అమర్చుస్థానములలో తలుపే చౌకయైనది, సులభమైనది. నిండుచెక్కతో చేసిన తలుపు కోయుటకు యోగ్యమైనది. లోపల అట్టతేనెపట్టు నింపిన బోలు ఫ్లష్ తలుపును కోసినచో లోపలి ఖాళీ బయటపడును. ఆ ఖాళీ చుట్టును చెక్కపట్టీలను జిగురుతో చొప్పించి అంచులను గట్టిపరచినగాని చట్రపు మరమేకులు పట్టవు. చట్రములో పలకలు బిగించిన తలుపునందు చుట్టుచట్రము మందముగాను, నడిమి పలకలు పలుచగాను ఉండుటచే, తేడాను సన్ననిపట్టీలతో నింపి ఉపరితలమును సమము చేయవలెను. ఏ తలుపైనను అడుగంచునుండి కనీసము 8 సెంటీమీటర్ల చెక్క మిగులకున్న తలుపు బలము చెడును. మన ఇండ్లలో సింహద్వారము టేకుతో చేయబడి, గడపకు పసుపు కుంకుమలతో పూజ లందుకొనునది. దానికి రంపము తగిలించుట యజమానికిని, పెద్దలకును మనస్సున కెక్కదు, అవసరమును లేదు. పెరటితలుపే ఇందుకు తగినది. వీధివైపున ద్వారముండుట కాపుదలకును మంచిది కాదు.

గాజుతలుపుల విషయమున గుర్తుంచుకొనవలసినది, టఫెన్డ్ గాజును తయారైన పిమ్మట కోయుట అసాధ్యమనుట. రంపము తగిలినంతనే పలకయంతయు తునాతునకలగును. కావున కంతతోనే క్రొత్తపలకను తయారుచేయించి, ఆపైన కాల్చి గట్టిపరపించి తెచ్చుకొనవలెను. జరుగుడు గాజుతలుపుల పట్టాలలో నిలువుగా నిలుచు సన్నని పలకయందే శునకద్వారము అమర్చి అమ్ముదురు. దేనిని కోయనక్కరలేదు, ఇల్లు విడుచునపుడు తీసికొనిపోవచ్చును. అద్దె యింటివారికి ఇది ఉత్తమమైన మార్గము. తలుపునే కోయవలసివచ్చినచో, యజమాని అనుమతితో పాతతలుపును ఊడదీసి భద్రపరచి, తమ ఖర్చుతో వేరొక తలుపు పెట్టుకొనవచ్చును.

గోడయందు అమర్చుట శ్రమయు వ్యయమును గలదైనను, సొంతయిల్లు గలవానికి అదియే దృఢమైనది. తలుపు చెడదు, స్థలమును ఇచ్చవచ్చినచోట ఎన్నుకొనవచ్చును. అమెరికా యిండ్ల గోడలు చెక్కగుంజలతో కట్టబడును. ఆ గుంజలు కేంద్రమునుండి కేంద్రమునకు సాధారణముగా 16 అంగుళముల దూరమున నుండుటచే, నడుమ పదునాలుగున్నర అంగుళముల ఖాళీ మిగులును. ద్వారము అందు ఇమిడినచో గుంజను కోయనక్కరలేదు. పెద్దకుక్కకొరకు గుంజను కోయవలసివచ్చినచో పైన దూలపుముక్క వేసి భారమును పక్కగుంజలకు పంచవలెను. గోడలోపల విద్యుత్తు తీగలు, నీటిగొట్టములు పోవుచున్నవేమో ముందే తెలిసికొనవలెను. మన ఇటుకగోడ బయట 9 అంగుళములు, లోపలి అడ్డుగోడ నాలుగున్నర అంగుళముల మందముండును. కాంక్రీటు స్తంభములపై నిలుచు ఇంటిలో ఇటుకగోడ పైకప్పు భారమును మోయదు. అయినను రంధ్రముపైనున్న ఇటుకలు జారకుండ, ఇరువైపుల 15 సెంటీమీటర్లకు తక్కువగాకుండ ఆనునట్లు కడపబండనో, ఇనుపకోణమునో, చిన్న కాంక్రీటు లింటెలునో వేయవలెను. భారము మోయు పాతగోడయైనచో ఇంజనీరును అడుగక ఉలి పట్టరాదు. స్తంభమును, దూలమును తాకుట ఎప్పటికిని కూడదు. గోడమందమున రేకుతోగాని ప్లాస్టికుతోగాని సొరంగము కట్టి, దాని అడుగు వెలుపలివైపునకు కొంచెము వాలుగా నుంచవలెను. లేకున్న జడివానలో నీరు లోనికి పారును. పైన చిన్న చూరు దించినచో కోస్తాజిల్లాల తుఫానువానలకు ఉపకరించును.

కొన్ని తలుపులను కోయుట నిషిద్ధము. అమెరికాలో పెక్కుచోట్ల అనుసరింపబడు అంతర్జాతీయ నివాసగృహ నియమావళి ప్రకారము, కారుషెడ్డునకును ఇంటికిని నడుమనున్న తలుపు 35 మిల్లీమీటర్ల నిండుచెక్కదిగాని, ఉక్కుదిగాని, 20 నిమిషములు అగ్నిని నిలుపగలదిగాని కావలెను; దానికి సాధారణమైన శునకద్వారమును పెట్టినచో ఆ రక్షణ నశించును. బహుళాంతస్థుల భవనములలో మెట్లదారివైపు తలుపులును అట్టివే. ఇంగ్లండులో చారిత్రకకట్టడములుగా నమోదైన యిండ్లకు ముందు అనుమతి పొందవలెను. అమెరికా కాలనీలలో గృహయజమానుల సంఘములు వెలుపలిరూపమును మార్చుటకు అభ్యంతరము చెప్పవచ్చును.

దొంగభయము వాస్తవమైనదే. పెద్దకుక్కకొరకు చేసిన కంతలో సన్ననిమనుష్యుడు దూరగలడు. చిన్నకంతలోనుండి చేయిచాచి గడియ తీయగలడు. అందుచే ద్వారమును గడియకు బారెడు దూరమునకు మించి పెట్టవలెను, రాత్రి మూయుపలకను లోపలినుండి బిగింపవలెను. దొంగకంటె ఎక్కువగా తలచుకొనవలసినది పసిపిల్లలను. అమెరికాలో ఈతకొలనులుగల యిండ్లయందు చిన్నబిడ్డలు శునకద్వారముగుండ ప్రాకి పోయి నీటిలో మునిగిన దారుణములు శిశువైద్యుల పరిశీలనకు వచ్చినవి. ప్రాకుబిడ్డ గల ఇంట, వెలుపల కొలనుగాని, సంపుగాని, నుయ్యిగాని ఉన్నచో, శునకద్వారము వద్దనియే నిస్సంకోచముగా చెప్పవలెను.

తక్కిన జంతువులు దేశమునుబట్టి మారును. అమెరికాలో రకూనులు, దుర్గంధము చిమ్ము స్కంకులు వచ్చును; అరిజోనాలో విషముగల గిలకపాములు వచ్చును. మన పల్లెటూళ్ళలో పందికొక్కులు, వానివెంట నాగుపాము, రక్తపింజరి ప్రవేశింపవచ్చును. స్నానాలగది తూమునుండి వచ్చు ప్రాణియే ఫ్లాపు అంచు క్రిందినుండియు రాగలదు కావున, అడుగుసందు వ్రేలు దూరనంత సన్ననిదై యుండవలెను. తెలంగాణ పల్లెలయందు కోతుల బెడద మిక్కిలి పెరిగినది. కుక్క తలతో తోయు ఫ్లాపును కోతి చేతితో ఎత్తును, దానికి ఎన్నటికిని నేర్పనక్కరలేదు. కోతులుతిరుగు ఊళ్ళలో పగటిపూటకూడ మనుష్యులు ఇంట నున్నప్పుడు మాత్రమే దానిని తెరచియుంచుట యుక్తము. కుక్క తినుగిన్నెను ద్వారమునకు దూరముగా నుంచినచో వాసనకు చేరు జంతువులు తగ్గును. వీధికుక్కలతో ముక్కుముక్కు తాకు అవకాశము పెరుగును గనుక రేబిస్ టీకా కాలమునకు వేయించుట అత్యావశ్యకము.

అమర్చుపని ఓపికగల గృహస్థు స్వయముగా చేసికొనగలిగినదే. తలుపును మడతబందులనుండి ఊడదీసి, రెండు బల్లలపై పరచి, కోయదలచిన గీతవెంట కాగితపుటేపు అంటించి, దానిపై పెట్టెలోవచ్చు అట్టనమూనాను పెట్టి గీయవలెను. టేపువలన పైపొర పెచ్చులూడదు. రసమట్టముతో గీత సమముగా నున్నదని నిశ్చయించుకొని, నాలుగుమూలలను బరమాతో తొలిచి, ఆ రంధ్రములనుండి జిగ్‌సా రంపము నడిపింపవలెను. కోసిన అంచునకు రంగుగాని వార్నిషుగాని పూయకున్న తేమ పీల్చి చెక్క ఉబ్బును; ఉక్కురేకుతలుపైనచో తుప్పును నివారించు రంగు వేయవలెను. లోపలి చట్రము, వెలుపలి చట్రము తలుపును నడుమ నొక్కిపట్టునట్లు బోల్టులతో కలిసికొనును. వానిని చేతితోనే, ఒక్కొక్కటి కొంచెముకొంచెముగా, ఎదురెదురుమూలలవరుసలో బిగింపవలెను. యంత్రముతో ఒక్కసారి బిగించిన ప్లాస్టికుచట్రము పగులును, వంకరపోయిన చట్రములో ఫ్లాపు రాచుకొనును. వెలుపలి అంచునకు సిలికాను పూసి, క్రిందియంచున మాత్రము నీరు జారిపోవుటకు సందు విడువవలెను.

పని ముగిసిన దినముననే కుక్కను ఫ్లాపుగుండ నెట్టువారు కలరు. అది క్రూరము, వ్యర్థము. తలపై బరువుగా తాకిన వస్తువును కుక్క నెలలతరబడి మరువదు. మొదట ఫ్లాపును పూర్తిగా ఎత్తి కట్టి, కుక్కకు ఇష్టులైన యిరువురు చెరియొకవైపున కూర్చుండి, పేరుపెట్టి పిలుచుచు, దాటినప్పుడెల్ల రొట్టెముక్కనో, మాంసపుముక్కనో ఇయ్యవలెను. భయము పోయిన పిదప ఫ్లాపును సగము దింపి ముక్కుతో తోయుట అలవరచి, చివరకు పూర్తిగా విడువవలెను. అయస్కాంతపు టక్కను చప్పుడునకు బెదరు కుక్కకొరకు కొన్నిదినములు ఆ పట్టీపై గుడ్డ అంటింపవచ్చును. అలవాటుపడిన కుక్క మరియొకటి ఇంట నున్నచో అది దాటుట చూచి క్రొత్తది త్వరగా నేర్చును. కొన్ని రెండుదినములలో నేర్చును, కొన్నిటికి వారములు పట్టును, తొందర పనికిరాదు. మూయుపలక వేసినపుడు ద్వారము మూసియున్నదని కుక్కకు తెలియవలెను. లేకున్న వేగముగా వచ్చి పలకకు తల కొట్టుకొనును. అందుచే పలకను తెల్లగానో, ముదురురంగుననో, ఫ్లాపునుండి వేరుగా కనబడునట్లు ఎన్నుకొనుట మేలు.

తరువాతి పోషణ కొద్దిపాటిదే. ఫ్లాపుపై చేరు మట్టిని, నూనెజిడ్డును తడిగుడ్డతో తుడువవలెను; నూలుపట్టీలో ఇరుకు వెండ్రుకలను తీయవలెను; మరమేకులను అప్పుడప్పుడు బిగించి చూడవలెను; ముడుచుకొన్న ఫ్లాపును వానకాలమునకు ముందే మార్చవలెను. ఇల్లు అమ్మునపుడో, ఆ యవసరము తీరినపుడో గోడయందలి ద్వారమును తీసివేయదలచినచో, చట్రమును, సొరంగమును ఊడదీసి, ఇరువైపుల ఇటుకలను ఒకటివిడిచి యొకటి తొలగించి, క్రొత్త యిటుకలను పాతవాని నడుమ చొప్పించి కట్టి గిలాబు చేయవలెను. లింటెలును కదల్పక అటులే యుంచవలెను. కోసిన తలుపునకు మాత్రము అతుకుపలక నిలుచుట కష్టము కావున దానిని మార్చుటయే పరిష్కారము.